కులెబ్రా రేవులో కుక్కర్ విజిల్

ఆ ఉదయం నాగమల్లేశ్వరి వేసుకున్న పథకం చిన్నదే. తమ్ముడికి వేడివేడిగా పెసరట్లు పెట్టి, ఎండ ముదరకముందే సముద్రపు తాబేళ్లను చూపించడానికి తీసుకెళ్లాలి. తమ్ముడు రవికుమార్ పథకం అంతకంటే పెద్దది. అక్కనూ బావనూ ఈ పడవ మీంచి దింపి, ఫ్రిస్కోలో తన ఇంటి వెనక వీధిలో ఇల్లు కొనిపించాలి.

పడవ పేరు ‘నిదానం’. ప్యూర్టో రికోకు తూర్పున ఉన్న కులెబ్రా దీవి రేవులో లంగరు వేసుకుని ఉంది. నాగమల్లేశ్వరి, శేషగిరి చాండ్లర్‌లో ఉద్యోగాలు మానేసి, ఇల్లు అమ్మేసి, తెరచాప పడవ మీద కాపురం పెట్టారు. తుఫానుల కాలం తప్పించుకుంటూ కరీబియన్‌లో దీవి నుంచి దీవికి తిరుగుతున్నారు. యాభై దాటాక, చాండ్లర్ లాంటి ఎడారి ఊళ్లో ఉంటూ, ఆదివారాలు సరస్సుకు వెళ్లి మరీ తెరచాప పని నేర్చుకున్న మనిషి ఆవిడ. పేరుకు కెప్టెన్ శేషగిరే. గాలి మారిందంటే మాత్రం ఆయన చూపు ముందు భార్య మీదికి పోయేది, ఆ తర్వాతే ఆకాశం మీదికి.

రవికుమార్ ముందురోజు పెద్ద సూట్‌కేస్‌తో దిగాడు. అందులో సగం అతని భార్య ఉష పంపిన జంతికలు, కందిపొడి. పడవలో దాన్ని పెట్టే చోటు ఎక్కడా లేక, పొద్దున్నే రేడియో ఉన్న బల్ల మీదికి నెట్టాడు. సూట్‌కేస్ కింద రేడియో మైకు పడి, దాని బటన్ నొక్కుకుపోయింది. ముగ్గురూ గమనించలేదు. బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఇక్కడి మాటలు రేవులో ఉన్న పడవలన్నింటికీ వినిపిస్తాయి. అవతలి మాటలు మాత్రం ఇక్కడికి రావు.

సరిగ్గా అప్పుడే రవికుమార్ అసలు విషయం ఎత్తాడు.

"ఇదేం లైఫ్ అక్కా? రేపు బావకి హార్ట్ ఎటాక్ వస్తే ఏంటి? బోట్‌లో ఫైర్ వస్తే ఏంటి? ఎమర్జెన్సీలో హెల్ప్‌కి ఎవడొస్తాడిక్కడ?"

"అల్లం ఎక్కువ వెయ్యనా, తక్కువ వెయ్యనా?" అంది నాగమల్లేశ్వరి, పెనం మీద పిండి తిప్పుతూ.

"టాపిక్ మార్చకక్కా! హెల్ప్! హెల్ప్ గురించి అడుగుతున్నా!"

"రవీ, అరవకయ్యా," అన్నాడు శేషగిరి. "ముందా కుక్కర్ చూడు. ప్రెషర్ ఎక్కువైనట్టుంది. బ్లాస్ట్ అయిందంటే ఫినిష్!"

పప్పు పెట్టిన కుక్కర్ ఆ మాటకే కాచుకున్నట్టు కీచుమని కూసింది. కూసి, ఆగి, మళ్లీ కూసింది.

పక్క పడవలో కాఫీ తాగుతున్న వాల్టర్ ఉలిక్కిపడ్డాడు. ఆయన అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. రేడియోలోంచి వచ్చిన ఇంగ్లీషు ముక్కలు చాలు: హార్ట్ ఎటాక్, ఫైర్, ఎమర్జెన్సీ, హెల్ప్, బ్లాస్ట్, ఫినిష్. ఆ తర్వాత ప్రమాద సూచనలా ఈల. రేడియోలో ఎంత పిలిచినా జవాబు లేదు. ఏ పడవ అని వెతుక్కునే పనీ లేదు. రేవు మొత్తం మీద ఆ భాష మాట్లాడే పడవ ఒక్కటే.

పెసరట్టు తిరగేసేలోగా ‘నిదానం’ చుట్టూ రబ్బరు పడవలు మూగాయి. మొదట వాల్టర్ దూకాడు. ఈ హడావుడికి అదిరిపడి గుండె మీద చెయ్యేసుకున్న శేషగిరిని నేల మీద పడుకోబెట్టాడు.

"అయాం ఫైన్!" అని శేషగిరి మొత్తుకున్నాడు.

"అందరూ అదే అంటారు," అన్నాడు వాల్టర్, చొక్కా గుండీలు విప్పుతూ.

ఆయన వెనకే ఒక రిటైర్డ్ నర్సు ఆక్సిజన్ సిలిండర్‌తో దిగింది. ఇంకో ఆయన మంటలార్పే సిలిండర్ ఎత్తి, కుక్కర్ మీదా, పెనం మీదా, రుబ్బిన పిండి మీదా తెల్లటి నురగ కొట్టాడు. "అయ్యో, పిండి!" అని నాగమల్లేశ్వరి వేసిన కేక అందరికీ ఏడుపులా వినిపించింది. నర్సు ఆవిడను కావలించుకుని ఓదార్చింది.

ఆ కౌగిలి నుంచి విడిపించుకుని నాగమల్లేశ్వరి గాలి కోసం పైకొచ్చింది. తూర్పు నుంచి ఒక వాన మబ్బు ఈదురుగాలిని వెంటేసుకుని వచ్చింది. ఆవిడ చుట్టూ ఒకసారి చూసింది. వాల్టర్ పడవ ఎప్పుడూ ఉండే చోట లేదు. లంగరు జారి, వెనక్కి వెనక్కి, ఒడ్డు రాళ్ల వైపు పోతోంది.

"రవీ, దూకు!"

రబ్బరు పడవలో ఇద్దరూ వాన చీల్చుకుంటూ వెళ్లారు. నాగమల్లేశ్వరి వాల్టర్ పడవ ముందు భాగంలోకి పాకి, లంగరు గొలుసు బిగింపు విప్పేసింది. గొలుసు గడగడా నీళ్లలోకి పోయింది. పడవ రాళ్లకు ఇంకా దగ్గరైంది.

"ఇంకా వదులుతున్నావేంటక్కా! లాగాలి కదా!"

"లాగితే ఊడొస్తుందిరా. గొలుసు పొడుగైతే లంగరు పడుకుని ఇసక పట్టుకుంటుంది. నోర్మూసుకుని గొలుసు ఆ గుంజకి చుట్టు!"

అతను చుట్టాడు. పడవ ఒక్క కుదుపు కుదిపి నిలబడింది. రాళ్ల మీద నాచు కనిపించేంత దగ్గరలో. రవికుమార్ అక్కను కొత్తగా చూశాడు. ఆవిడ వానలో తడిసి, నైటీ మోకాళ్ల దాకా ఎగ్గట్టి, అరచెయ్యి గీరుకుపోయి నిలబడి ఉంది.

తిరిగొచ్చాక సూట్‌కేస్ ఎత్తగానే రేడియో ఒక్కసారి గొంతు విప్పింది. ఎంతసేపటి నుంచో కోస్ట్ గార్డ్ పిలుస్తోంది. "ఎవరికీ ఏమీ కాలేదు, సారీ," అని శేషగిరి చొక్కా లేకుండానే చెప్పాడు. వాల్టర్‌కు తన పడవ సంగతి తెలిసి, నాగమల్లేశ్వరి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నురగ తగలని గిన్నెలో మిగిలిన పిండితో ఆవిడ అందరికీ చిన్న చిన్న అట్లు పోసింది.

అందరూ వెళ్లాక ఆవిడ గీరుకుపోయిన అరచేతికి పసుపు అద్దుకుంటూ కూర్చుంది.

"నువ్వన్నది నిజమేరా. వయసైపోతోంది. ఇంకో క్షణం ఆలస్యమైతే వాల్టర్ పడవ పోయేది. మీ ఊరు వచ్చేస్తాంలే."

"వద్దక్కా," అన్నాడు రవికుమార్.

"అదేంటి?"

"ఫ్రిస్కోలో పదేళ్ల నుంచి ఉంటున్నా. పక్కింటాయన పేరు కూడా తెలీదు నాకు. ఇక్కడ మీరు పిలవకుండానే రేవంతా వచ్చింది. ఆ బోట్ మీద నిన్ను చూశాక, నిన్ను తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టమంటావా?"

శేషగిరి చొక్కా తొడుక్కుంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు ఇల్లు ఇష్టమో పడవ ఇష్టమో గానీ, ఆ మాట చాలా ఇష్టమైంది.

ఇంటికి చేరిన మర్నాడే రవికుమార్ ఒక ప్లేటులో జంతికలు పట్టుకుని పక్కింటి బెల్ కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు, గోడ మీది కెమెరాలోంచి ఒక గొంతు మాత్రం, డెలివరీ కుర్రాడికి చెప్పినట్టు, ప్యాకెట్ గుమ్మం దగ్గర పెట్టి వెళ్లమంది.