అన్నిటికీ సరిపోయే వరుస

చెల్లెలు తడిబట్టలు దులిపి అక్కకి అందిస్తూ, మధ్యమధ్య ల్యాప్‌టాప్‌లో బ్రాకెట్లు కొడుతోంది. బావ వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. పనిలో పడితే ఫోను చూసుకోడు, బేరాలు పోతున్నాయి. అందుకని మెసేజీలకి దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రాం, అడుగడుగునా బ్రాకెట్లుండే లిస్ప్ అనే కంప్యూటరు భాషలో రాసి పెట్టింది. ఏడాది పొడుగునా హాస్టల్ మెషీన్ల పని ఎవరికిచ్చేదీ వార్డెనమ్మ ఇవాళే తేలుస్తానంది. అది దొరికితే బావకి ఇంటింటికీ తిరిగే బాధ తప్పుతుంది.

"ఇన్ని బ్రాకెట్లు బిగిస్తున్నావు, ఒకటి వదులైతేనో మరదలా?" అన్నాడు బావ, ముందుగదిలో మోటారు విప్పుతూ.

"మీ నట్లలాగా ఇవి మిగిలిపోవులెండి. ఏ మాటకి ఏ జవాబో నమూనాలు వరుసగా రాశాను బావా. మెసేజీ రాగానే పైనుంచి పోల్చుకుంటూ వస్తుంది. మొదట ఏది సరిపోతే ఆ జవాబిచ్చి ఆగిపోతుంది. ఏదీ సరిపోకపోతే ఆఖరి వరుస, అది దేనికైనా సరిపోతుంది. 'అలాగే, వస్తున్నాను' అంటుంది."

"మరి నన్ను రావద్దన్నవాళ్ళకి?"

చెల్లెలు నాలిక్కరుచుకుంది. 'రావద్దు' అనే మాట ఎక్కడ కనబడినా 'సరే, రాను' అనేలా ఇంకో వరుస అడుగున చేర్చి, మళ్ళీ బట్టల దగ్గరికి వెళ్ళింది.

కాసేపటికి అక్క ఫోను మోగింది. పక్కవీధి టీచరమ్మ.

"మీ ఆయనకేమైందమ్మా? మెషీను బాగైంది, రావద్దు అంటే వస్తున్నానంటాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట! తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాం."

బావ గబగబా తన ఫోను తీశాడు. వార్డెనమ్మ మెసేజీ కనబడింది: "వేరేవాళ్ళని కుదుర్చుకున్నాం. మీరు రావద్దు." కింద ఆయన జవాబు: "అలాగే, వస్తున్నాను." దాని కింద: "గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు." దానికీ అదే జవాబు.

"నేను కొట్లాటకి వెళ్తున్నాననుకుంటోంది!"

"ముందు దాన్ని తీసి పారెయ్యవే తల్లీ," అంది అక్క.

"అయ్యో, 'రావద్దు' వరుసని అన్నిటికీ సరిపోయే ఆఖరి వరుస కింద రాశాను! అన్నీ పైనే ఆగిపోతున్నాయి, కిందిదాకా రావట్లేదు. తియ్యను అక్కా. పైకి జరిపితే చాలు, చూస్తూ ఉండు." పంతంగా జరిపింది.

అప్పుడే ఫోను టింగుమంది. మళ్ళీ వార్డెనమ్మే: "కుదుర్చుకున్నవాళ్ళు ముఖం చాటేశారు. మేం రావద్దు అన్నా వస్తానన్నది మీరొక్కరే. ఏడాది పని మీదే, వెంటనే రండి."

బావ ముఖం వెలిగింది. చెల్లెలు గర్వంగా అక్కవైపు చూసింది. ఈలోగా ప్రోగ్రాం ఆ మెసేజీని పైనుంచి పోల్చుకుని, 'రావద్దు' కనబడగానే ఠక్కున జవాబిచ్చేసింది.

"సరే, రాను."

బావ స్క్రూడ్రైవరు సంచీలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని గడప దాటాడు.

ప్రోగ్రాం వస్తానన్న ఒక్క ఇంటికీ వెళ్ళని మనిషి, రానన్న చోటికి పరుగున వెళ్ళాడు.