తల ఊపని పెద్ద డాక్టరు

ఆ ఉదయం అనుకున్నదంతా సులువైన పనే. చిన్న డాక్టరమ్మ ఆపరేషను చేస్తుంది, ఎక్కడో దూరాన పెద్ద ఆస్పత్రిలో కూర్చున్న పెద్ద డాక్టరు టీవీ తెరలోంచి చూస్తూ దారి చెబుతాడు. బల్లమీద మత్తులో ఉన్నది హెడ్ నర్సు తమ్ముడు. పిత్తాశయం చీముపట్టి, నేడో రేపో పగిలేలా ఉంది. ఇలాంటి కేసు డాక్టరమ్మకు ఇదే మొదలు.

"మాట తెగిపోతోందమ్మా," అన్నాడు పెద్దాయన మొదట్లోనే. "నువ్వు అడుగుతూ ఉండు. సరే అయితే తల ఊపుతా. ఊపలేదా, చెయ్యొద్దు."

పొట్ట తెరిచేదాకా శుభ్రంగా ఊపాడు. తీరా అసలు చోటికి వచ్చేసరికి మానేశాడు. ముడిపడ్డ కనుబొమలు, సగం తెరిచిన నోరు, చిట్లించిన కళ్ళు, ఒకటే చూపు!

"ఈ గొట్టమేనా సార్, కోసేది?"

ఊపలేదు.

"లైటు చాలడం లేదేమో," అంది నర్సు. లైటు తిప్పారు. ఊపలేదు. కూనిరాగం తీస్తున్న మత్తు డాక్టరు గప్‌చుప్‌ అయిపోయాడు. అయినా ఊపలేదు. "గోడకి ఆనుకున్నారేంటండీ, ఆయన చూస్తుంటే!" అని నర్సు కసిరేసరికి పాపం నిటారుగా నిలబడ్డాడు కూడా. పెద్దాయన మొహం ఇసుమంతైనా మారలేదు.

"వాడు నా తమ్ముడు డాక్టరమ్మా," అంది నర్సు. "ఆయన వద్దంటున్నారు. కోయకండి."

డాక్టరమ్మ కత్తెర వెనక్కి తీసి, వాపును మెల్లగా పక్కకి జరిపి మళ్ళీ చూసింది. తాను కోయబోయింది కాలేయం నుంచి వచ్చే అసలు గొట్టం! కోసుంటే మనిషి దక్కేవాడు కాదు. కోయాల్సింది దాని వెనకాల సన్నగా నక్కి ఉంది.

"ఇదే కదా సార్?"

ఊహూఁ. ఇక్కడ చూస్తే బీపీ పడిపోతోందని మత్తు డాక్టరు గొణుగుతున్నాడు.

"ఆయన ఊపేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది," అంది డాక్టరమ్మ. "క్షమించండి సార్. నాకు కనబడుతోంది. కోస్తున్నా."

నర్సు గట్టిగా కళ్ళు మూసుకుంది.

కుట్లు పడ్డాయి, బీపీ నిలబడింది. అప్పటికి కలిసింది పెద్దాయన ఫోను.

"ఆగమ్మా! ఎప్పుడో టీవీ లైను పోయింది! చివరగా కనబడ్డప్పుడు నీ కత్తెర అసలు గొట్టం మీదికే పోతోంది!"

"అయిపోయింది సార్, మనిషి క్షేమం. మీరలా గుర్రుగా చూడబట్టే ఆగాను."

"గుర్రుగానా? నాకు తుమ్మొస్తుంటే లైను పోయిందమ్మా!"

నర్సు తమ్ముడి నుదుటిమీద చెయ్యేసి, ఏడుస్తూనే నవ్వింది. "తుమ్మితే ఆగాలని మా అమ్మమ్మ చెబుతుంటే వెక్కిరించేదాన్ని."

తెరమీద పెద్దాయన ఇంకా తుమ్మబోతూనే ఉన్నాడు.