మొగుణ్ణి చదివించి చూడండి!

చిన్న వ్యాపారం చేసుకునే ప్రతి ఇంటి నుంచీ ఒకరిని తక్షణం మేనేజ్‌మెంట్ కోర్సులో చేర్పించాలి! నవ్వకండి. ఆ చదువు వల్ల ఓ కుట్టుషాపు ఎలా బాగుపడిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

భార్యాభర్తల షాపు అది. చిరిగినవి కుట్టడం, జిప్పులు మార్చడం, పొడవైన ప్యాంట్లు మడిచి కుట్టడం. మెషిన్ మీద భార్య, కౌంటర్ దగ్గర భర్త. ఆ భర్త సాయంత్రం క్లాసులకని ఓ బిజినెస్ కోర్సులో చేరాడు. మొదటి వారానికే మనిషి మారిపోయాడు.

జిప్పు తెగిన పెద్దమనిషి ఒకాయన, జారిపోతున్న ప్యాంటును చేత్తో పట్టుకుని పరుగున లోపలికొచ్చాడు.

"కూర్చోండి. మీ అవసరాన్ని ఐదేళ్ల దృష్టితో చూద్దాం," అన్నాడు భర్త.

"ఐదు నిమిషాలు కూడా ఆగేలా లేదండీ ఇది!"

తర్వాత కత్తెరకు తాళం పడింది. ఎందుకో చెబితేనే బయటికి తీస్తాడు. రిసోర్స్ కంట్రోలట! రోజూ పొద్దున్నే స్టాఫ్ మీటింగ్. స్టాఫ్ అంటే ఎవరనుకున్నారు? ఆవిడే! "మెషిన్ ఆపవోయ్, చైర్మన్ మాట్లాడుతున్నాడు" అనేవాడు. ఆవిడ ఆపేది. ఇవాళ ఇస్తానన్న బట్టలు ఎల్లుండికి పడేవి. ఇల్లు గడిచేది ఆ మెషిన్ మీదే. ఆవిడకి దిగులు పట్టుకుంది.

అప్పుడే ఓ సంగతి ఆవిడ కంటబడింది. ఆయన క్లాసుకు బయల్దేరడమే తరువాయి, జనం బిలబిలమంటూ వచ్చిపడుతున్నారు! ఆయన మలుపు తిరిగేదాకా పక్క సందులో కాచుకుని ఉంటున్నారట.

మర్నాడు టీ చేతికిస్తూ మెల్లగా కదిపింది.

"ఏమండీ, ఇందులో ఇంతకంటే పెద్ద చదువు లేదా?"

ఆయన పొంగిపోయాడు. "ఎందుకు లేదు? అడ్వాన్స్‌డ్ కోర్సుంది. కాకపోతే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. నేను లేకపోతే షాపేమైపోతుందో..."

"నేనెలాగో నెట్టుకొస్తాలెండి. మీరు చేరండి."

ఏడాది తిరక్కుండా షాపులోకి రెండో మెషిన్ వచ్చింది. దాని మీద కుట్టడానికి పక్కవీధి అమ్మాయికి ఉద్యోగమొచ్చింది. ఇప్పటికైనా ఒప్పుకుంటారా, చదువు మహిమ?

కోర్సువాళ్లు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. పెద్ద సభ పెట్టి, ఉత్తమ వ్యాపారవేత్త అంటూ ఆయన చేతికి షీల్డ్ ఇచ్చారు. ఆయన మైకందుకుని, "ఇదంతా నా ప్లానింగే. మా ఆవిడ సహకారం కూడా కొంత ఉంది," అన్నాడు వినయంగా. హాలంతా చప్పట్లు! ఆవిడకని వేసిన కుర్చీ మాత్రం ఖాళీ. ఆ పూట షాపు కిటకిటలాడుతోంది మరి.

ఆ షీల్డేదో ఆవిడకే ఇవ్వాల్సింది కదా అంటారా? భలేవారే! ఆవిడ ఒక్క క్లాసుకైనా హాజరైందా?