కొంగుముడిలో కరెంటు పాఠం

ఆదివారం పొద్దున్న కనకరాజు వేసిన పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి భార్య పక్కన సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోవాలి. అదే తొమ్మిదింటికి, ఎలక్ట్రీషియన్ లైసెన్సు రెన్యువల్‌కి తప్పనిసరైన ఆన్‌లైన్ క్లాసులోనూ కూర్చోవాలి. పక్కనే స్టూలు మీద లాప్‌టాప్, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవిలో మంత్రాలు.

ఇలాంటివాణ్ణి ఏమనాలి? విదేశంలో మనవాళ్ళు స్థిరపడ్డ ఈ వెర్రిబీ ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగు చేసినవాడే, బుర్ర లేదనడానికి లేదు. ఉన్నదల్లా పొగరు. "ఇరవయ్యేళ్ళుగా కరెంటుతో కాపురం చేస్తున్నా. నాకు పాఠాలేంటి?" అంటూ ఏడాదంతా క్లాసు వాయిదా వేశాడు. రేపటితో లైసెన్సు గడువు తీరిపోతుంది. ఇవాళ పాసవకపోతే ఒక్క స్విచ్చు బిగించే హక్కు కూడా ఉండదు.

"వ్రతం వచ్చే వారానికి మార్చెయ్యి," అన్నాడు లాప్‌టాప్ తెరుస్తూ.

చాముండేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. "పంతులుగారు దొరకడానికి రెణ్ణెల్లు పట్టిందండీ! ఏడాది టైమిచ్చారు కదా మీకు, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారా?"

పంతులు హేమచంద్ర ఇద్దరికీ కొంగుముడి వేశాడు. మధ్యాహ్నం ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఉందని మంత్రాలు పరుగెత్తిస్తున్నాడు. తెర మీద కమల్ అనే ఫిజీ ఇండియన్ ఇన్‌స్ట్రక్టర్ ఇంగ్లీషులో పొగ అలారాల గురించి చెబుతున్నాడు. "వింటున్నవాళ్ళు థంబ్స్ అప్ చూపించండి," అనగానే కనకరాజు అక్షింతల చెయ్యి పైకెత్తాడు.

దేవుడి ముందు ఆ బొటనవేలేమిటి! చాముండేశ్వరి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. కనకరాజు స్టూలు మీదికి తూలాడు. లాప్‌టాప్ తెర వెనక్కి వాలి, కెమెరా సీలింగు చూపించింది.

సీలింగుకి పొగ అలారం. అలారానికి షవర్ క్యాప్. పూజలకీ పోపులకీ అది గోల పెట్టకుండా మనవాళ్ళ ఇళ్ళల్లో దానికి టోపీ తొడగడం మామూలే. ఎలక్ట్రీషియన్ ఇంట్లో కూడానా అంటే, ముందు అతని ఇంట్లోనే!

"ఎవరిల్లది?" కమల్ గొంతు లేచింది.

"కస్టమర్ ఇల్లు సార్!" నోటికొచ్చింది అనేశాడు కనకరాజు. "సరిచెయ్యడానికే వచ్చాను. వాళ్ళ పూజ, కూర్చోమంటే కూర్చున్నాను."

"మంచిది. ఇప్పుడే సరిచేసి క్లాసుకి చూపించు."

కస్టమరట! ఇరవయ్యేళ్ళు వండిపెట్టిన మనిషి కస్టమరట! చాముండేశ్వరి చేతిలోని అక్షింతలు విసురుగా పళ్ళెంలో పోసింది. ఆవిడ అరవకపోతే మరీ ప్రమాదం.

పూజ మధ్యలో కొంగుముడి విప్పకూడదని పంతులు గట్టిగా చెప్పాడు. కనకరాజు భార్యని వెంట లాక్కుంటూ గరాజులోంచి నిచ్చెన తెచ్చాడు. అందరికీ కనిపించేలా కెమెరా తిప్పిపెట్టి, నిచ్చెనెక్కి, టోపీ ఊడబీకాడు. కింద సాంబ్రాణి గుప్పుగుప్పుమంటోంది. అలారం కెవ్వుమంది. దానికి కలిపి ఉన్న మిగతా గదుల అలారాలూ అందుకున్నాయి. వ్రతానికొచ్చిన చుట్టాలు చెవులు మూసుకుని లాన్‌లోకి పరుగెత్తారు. హేమచంద్ర ఆ మోతలోనే గబగబా హారతిచ్చేసి కారెక్కాడు.

"ఆపండి ముందు! మీ పుణ్యమా అని వ్రతం గంగలో కలిసింది!"

"ఆపుతున్నానే తల్లీ, లాగకు, పడతాను!"

మోత ఆగింది. ఇయర్‌ఫోన్ వైరు లాప్‌టాప్ నుంచి ఎప్పుడో ఊడిపోవడంతో కమల్ మాట గదంతా వినిపించింది.

"మా ఫిజీలో ఆ ముడి భార్యాభర్తలకే వేస్తాం. మీ దగ్గర కస్టమర్లకి కూడా వేస్తారా?"

క్లాసంతా ఘొల్లుమంది. కనకరాజు సిగ్గుతో చచ్చిపోయాడు.

"అబద్ధానికి నిన్ను ఫెయిల్ చెయ్యాలి," అన్నాడు కమల్. "కానీ ప్రాక్టికల్ మిగిలింది కదా. అందరూ ఒక ఇంట్లో కరెంటు లోపాలు సరిచేసి, సాయంత్రంలోగా ఫొటోలు పంపాలి. ఇంటివాళ్ళు సరేనంటేనే పాస్. మేడమ్, ఈ ఇంట్లో ఏమైనా లోపాలున్నాయా?"

చాముండేశ్వరి తెర ముందు స్థిరంగా కూర్చుని, ఇంగ్లీషులోనే దులిపేసింది. "బాత్రూం ఫ్యాను మూడేళ్ళుగా తిరగదు. వెనక గుమ్మం లైటు వెలగదు. వంటింట్లో ఓవెన్ పెడితే ఇంట్లో సగం కరెంటు పోతుంది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది! ఊళ్ళో అందరి ఇళ్ళకీ పరుగులే, సొంతింటికి మాత్రం రేపు, రేపు!"

"చాముండీ," కనకరాజు గొంతు తగ్గించాడు, "నా పొట్ట కొట్టకు. వచ్చే వారం తప్పకుండా చేస్తా."

"మీ గడువు రేపటితో కదండీ? లేవండి, ముందు ఫ్యాను సంగతి చూడండి."

కనకరాజు కొంగుముడి విప్పి, పట్టుపంచె ఎగ్గట్టి, పళ్ళు నూరుతూ లేచాడు. సాయంత్రానికి ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, ఓవెన్ వేడెక్కింది. చాముండేశ్వరి ప్రతి స్విచ్చూ రెండేసిసార్లు నొక్కి చూసి, కమల్‌కి ఫోన్ చేసి సరేనని చెప్పింది. కనకరాజు పాసయ్యాడు.

తర్వాతి క్లాసు ఎప్పుడుంటుందో కూడా ఆవిడ ఆ ఫోన్‌లోనే కనుక్కుంది.