ధర్మ సస్పెన్షన్

శనివారం ఉదయం ఆరింటికి ధర్మ మనసులో ఉన్న ప్రణాళిక చాలా సులువైనది. తొమ్మిదిలోగా కారు ఒరుగు సరిచేయాలి. పదికల్లా మెకానిక్ బిజయ్ వర్క్‌షాపులో చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. మధ్యాహ్నానికి నవువా చేరి, భార్య కామినికి పిన్ని అయిన కుసుమ్‌ను ఎక్కించుకుని, చీకటి పడేలోగా నటబువాలోని ఇంటికి తిరిగి రావాలి. ఆదివారం కూతురు శోభన నిశ్చితార్థం. పెళ్ళికొడుకు తండ్రి సుబ్రమణిది కూడా నవువాయే, కుసుమ్ పిన్ని పక్కిల్లే. సంబంధం కుదిర్చింది ఆవిడ. ఆవిడ లేకుండా తాంబూలాలు మార్చుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

కారు ఒరగడానికి కారణం ధర్మే. కిందటేడు వరదల్లో నవువా దారిలో నీళ్ళు ఇంజన్లోకి చేరి కారు మూడు గంటలు కదల్లేదు. అప్పటినుంచి ఆయనకు కారు ఎత్తు పెంచాలన్న పట్టుదల పట్టుకుంది. కామిని వద్దంటున్నా వినకుండా విదేశం నుంచి సస్పెన్షన్‌కు పొడవైన స్ప్రింగులు తెప్పించి, రెండు వారాల కిందట సొంతంగా బిగించాడు. కారు మూడంగుళాలు లేచింది. కాని ఎడమవైపు లేచినంత కుడివైపు లేవలేదు. స్టీరింగు కాస్త వదిలితే చాలు, బండి రోడ్డు మధ్యకు లాగేస్తోంది.

ధర్మ ప్రభుత్వ సర్వేయరు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ద్వీపంలో లౌతోకా పట్టణం చుట్టుపక్కల నేల ఎత్తుపల్లాలు తేల్చి చెబుతున్నవాడు. అలాంటివాడి కారే ఒరిగి నిలబడితే ఎలా? వీధిలో ఎవరూ ఏమీ అనలేదు గాని, దారినపోయే ప్రతివాడూ తల పక్కకు వంచి చూస్తున్నట్టే ఆయనకు అనిపించేది. అందుకే శుక్రవారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆఫీసులోని మట్టం కొలిచే లెవెలింగ్ యంత్రాన్ని, దాని మూడుకాళ్ళ స్టాండునూ ఇంటికి తెచ్చుకున్నాడు.

షెడ్డు ముందు యంత్రం నిలబెట్టి నాలుగు చక్రాల పైనున్న బాడీ అంచులూ కొలిచాడు. కుడివైపు సరిగ్గా రెండంగుళాలు తక్కువ. జాకీ వేసి, కుడి స్ప్రింగుల కింద రెండంగుళాల దిమ్మలు దోపాడు. మళ్ళీ కొలిస్తే నాలుగూ సమానం. గర్వంగా కారును రోడ్డు మీదికి తీశాడు. అక్కడ అది ఎడమవైపు ఒరిగింది.

షెడ్డు నేల వాననీళ్ళు పోవడానికని కుడివైపు వాలుగా పోయించింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండంగుళాల్లో సగం కారుది, సగం నేలది. అప్పటికే టైము తొమ్మిది. నుదుటికి పట్టిన చెమటను గ్రీజు చేత్తో తుడుచుకుని ధర్మ మళ్ళీ కారు కింద దూరాడు.

సరిగ్గా అప్పుడే నవువా నుంచి కుసుమ్ పిన్ని ఫోన్. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఎదుటివాళ్ళు హిందీలో ఎంత మాట్లాడినా తెలుగులోనే జవాబు చెప్పమంటుంది. కామినికి తెలుగు వింటే అర్థమవుతుంది గాని, మాట్లాడబోతే సగం మాటలు దారిలోనే జారిపోతాయి.

"మా అల్లుడు బయల్దేరాడా?"

"లేదు పిన్నీ. ఇయ్యాల కష్టం. సస్పెన్షన్ అయింది."

"అయ్యో! సస్పెన్షనా? ఎవరు చేశారే?"

"ఎవరూ కాదు, తనే చేసుకున్నాడు. నేను వద్దు వద్దు అన్నా, సునా నై."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"పొద్దున్నుంచి కింద పడుకుని ఉన్నాడు. పిలిస్తే లేవడు."

"మరి రేపటికి సస్పెన్షన్ ఎత్తేస్తారా?"

"ఎత్తడంవల్లే కదా పిన్నీ ఇదంతా!" అంది కామిని. ఆ మాట చెవిన పడేలోగా అవతల పిన్ని ఏడుపు మొదలైంది. ఆ వెంటనే ఆవిడ ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోయింది. ప్రయాణం ఆగినందుకే ఏడ్చిందనుకుని కామిని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముప్పావుగంట గడిచాక తెలుగు సంఘం కార్యదర్శి గోవిందస్వామి గేటు తీసుకుని వచ్చాడు. కుసుమ్ పిన్ని ఎదురింటి ఫోన్ తీసుకుని ఆయనకు కబురు పెట్టింది. ధర్మ కారు కిందినుంచి బయటకు పాకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖమంతా మసి.

"విన్నాను తమ్ముడూ, నీ సస్పెన్షన్ సంగతి" అన్నాడు గోవిందస్వామి గొంతు తగ్గించి. "తప్పు నీది కాదని మా అందరికీ తెలుసు."

"తప్పు నాదే అన్నా. తెలిసినవాణ్ణి అడక్కుండా తొందరపడ్డాను."

గోవిందస్వామి చూపు మూడుకాళ్ళ స్టాండు మీద పడింది. దాని మీద ప్రభుత్వ ముద్ర స్పష్టంగా ఉంది. "ఇది ఆఫీసుదేనా?"

ధర్మ కంగారుగా దాని మీద గోనెపట్టా కప్పాడు. "మెల్లగా అన్నా. సోమవారం పొద్దున్నే ఎవరూ చూడకుండా పెట్టేస్తా."

గోవిందస్వామి అర్థమైనట్టు తలూపాడు. ధర్మ భుజం గట్టిగా ఒకసారి నొక్కి, "సంఘం నీ వెనక ఉంది" అని వెళ్ళిపోయాడు. కారు ఒరిగితే సంఘం వెనక నిలబడటం ఏమిటో ధర్మకు అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు.

పదకొండింటికి బండిని ఎలాగో బిజయ్ దగ్గరికి చేర్చాడు. బిజయ్ ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, నాలుగు చక్రాలూ ఊడదీయించాడు. "దీంతో నవువా పోతే మీరు సముద్రంలో దిగుతారు సార్. సాయంత్రానికి అయితే సరే, లేకపోతే సోమవారం దాకా ఇక్కడే."

ధర్మ బల్ల మీద కూర్చుని, పిన్నిని బస్సులో రప్పించడమెలాగా అని ఆలోచిస్తుండగా కామిని ఫోన్ చేసింది.

"సునో జీ, మీ ఉద్యోగం పోయిందా?"

"ఏంటీ?"

"పొరుగువాళ్ళు నలుగురు పులిహోర తెచ్చి పెట్టి పోయారు. ఆఫీసు సామాను ఇంటికి తెచ్చారని సస్పెండ్ చేశారంట. శోభన గది తలుపు వేసుకుంది!"

ధర్మ బల్ల మీంచి లేచాడు. పొద్దున పిన్నితో ఏమన్నావని అడిగితే, కామిని ఒక్కొక్క మాటే అప్పజెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో తనే, "అయ్యో, కారుదని చెప్పనే లేదు!" అంది.

వెంటనే నవువాలో పిన్ని ఎదురింటికి ఫోన్ చేశాడు. వాళ్ళు తీసి, పిన్ని ఊళ్ళో లేదన్నారు. "సుబ్రమణి అన్నకి చెప్పింది. విన్నాడు, కుర్చీలో కూలబడ్డాడు, కార్ మాట్లాడుకుని ఆవిడనీ ఎక్కించుకుని మీ ఇంటికే బయల్దేరాడు. ఒక్క మాట మాట్లాడలేదు."

సుబ్రమణి ఫోన్ ఆపేసి ఉంది. ధర్మ పదకొండుసార్లు ప్రయత్నించాడు. నిశ్చితార్థానికి ముందురోజు మాట్లాడకుండా బయల్దేరిన వియ్యంకుడు ఎందుకొస్తాడు? ముఖం మీదే వద్దని చెప్పడానికి కాకపోతే! టాక్సీలో ఇంటికి వస్తున్నంతసేపూ ధర్మ ఒక్క వాక్యాన్నే లోలోపల వల్లించుకున్నాడు: "బావా, సస్పెన్షన్ నాది కాదు, కారుది." ఆ వాక్యం ఎన్నిసార్లు అనుకున్నా అబద్ధంలాగే వినిపించింది. పైగా చూపిద్దామంటే కారు కూడా ఇంటి దగ్గర లేదు.

నాలుగింటికి సుబ్రమణి వచ్చాడు. పిన్నిని జాగ్రత్తగా దించి, పెద్ద మాటకు ముందు ఇచ్చే మర్యాదగా, పేపర్లో చుట్టిన యంగోనా మొక్క వేళ్ళ కట్టను రెండు చేతులా తెచ్చి ధర్మ ముందు పెట్టి, చాప మీద కూర్చున్నాడు. గోవిందస్వామి అప్పటికే అక్కడున్నాడు. ఆ వేళ్ళ పొడిని తాగడానికి నీళ్ళలో కలిపి గిన్నె మధ్యలో పెట్టారు. ధర్మ గొంతు సవరించుకున్నాడు.

"బావా, ముందు నన్ను చెప్పనీ" అన్నాడు సుబ్రమణి. "నిన్ను తలచుకుంటే నాకు సిగ్గు, శరమ్ వేసింది. నీకు పొద్దున సస్పెన్షన్ అయితే పొద్దున్నే మాకు చెప్పించావు. నాకు అయి ఐదు వారాలు. ఎవరికీ చెప్పలేదు."

సుబ్రమణి ఒక ప్రభుత్వ డిపోలో స్టోర్‌కీపరు. కిందటేడు వరద రోజున జనం తడిసిపోతూ వస్తే, పై అధికారి సంతకం కోసం ఆగకుండా టార్పాలిన్లు పంచేశాడు. అప్పటినుంచి విచారణ, చివరికి ఈ సస్పెన్షన్. రోజూ టిఫిన్ డబ్బాతో ఇంట్లోంచి బయల్దేరి, నాలుగయ్యేదాకా నది ఒడ్డున కూర్చుని తిరిగి వెళ్తున్నాడు.

"నీకు తెలిస్తే మా అబ్బాయికి పిల్లనివ్వవని భయం. ఇవాళ పిన్ని చెప్పగానే ఏడుపొచ్చింది బావా. దేవుడు నాకు తోడు పంపించాడు అనుకున్నా."

వల్లించుకున్న వాక్యం ధర్మ నాలుక చివర నిలబడి ఉంది. సుబ్రమణి చేతిలోని కొబ్బరిచిప్పలో యంగోనా తాగకుండా అలాగే ఉంది. ధర్మ ఆ చిప్పనే చూశాడు.

"కాదన్నా, ఈయనది..." అని కామిని అందుకోబోయింది.

"నాదెంత బావా, నీ దానిముందు!" అన్నాడు ధర్మ గట్టిగా. అన్నాక ఆ వాక్యాన్ని మింగేశాడు. కామిని ఆయన వంక చూసి, పులిహోర గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడే బల్ల మీద ధర్మ ఫోన్ మోగింది. దగ్గరగా ఉన్న గోవిందస్వామి అందరికీ వినిపించేలా మీట నొక్కాడు.

"సార్, మీ సస్పెన్షన్ క్లియర్ అయింది!" బిజయ్ గొంతు ఖంగుమంది. "తప్పు మీది కాదు. ఎడమదాని కాగితం కుడిదానికి అంటించి పంపించారు ఆ కంపెనీవాళ్ళు. ఇప్పుడు అంతా లెవెల్. సోమవారం దాకా ఆగక్కర్లేదు."

ధర్మ ఒక్క ఉదుటున లేచాడు. ఫోన్ లాక్కుని కట్టేశాడు.

"ఒకరి కాగితం ఇంకొకరికి అంటించారా!" అని గోవిందస్వామి ఆశ్చర్యపోయాడు. తర్వాత మెల్లగా వెన్ను నిటారుగా చేశాడు. "మధ్యాహ్నం రాజధానిలో, సువాలో తెలిసిన ఒకాయనకి నీ సంగతి చెప్పాను. ఒక్క ఫోన్‌కే ఇంత పనవుతుందని నాకే తెలియదు."

సుబ్రమణి రెండు చేతులూ జోడించాడు. "అన్నా, నాది కూడా."

గోవిందస్వామి ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. కాని అందరిముందూ కాదనలేకపోయాడు. నిశ్చితార్థం అయిన మర్నాడే సువా వెళ్ళాడు. విచారణ ఫైలు, టార్పాలిన్లు అందుకున్నవాళ్ళ వాంగ్మూలం లేక ఒక మూల పడి ఉందని అక్కడ తెలిసింది. ఆయన నవువా వెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి నలభై ఏడు సంతకాలు పట్టుకొచ్చాడు. మూడు వారాల్లో సుబ్రమణి మళ్ళీ డిపోలో చేరాడు.

పనిలో పనిగా గోవిందస్వామి ధర్మ ఫైలు కోసం కూడా అడిగాడు. అలాంటి ఫైలే లేదన్నారు. అంత శుభ్రంగా మాఫీ చేయించినందుకు ఆయన తనను తానే మెచ్చుకున్నాడు.

ఆ ఏడాది సంఘం వార్షిక నివేదికలో, సభ్యుల మీద పడిన రెండు సస్పెన్షన్లను ఎత్తివేయించినట్టు రాశారు.