జౌ ప్రభువు మహిమపై ప్రత్యేక పరీక్ష

రాజధాని హన్యాంగ్ కోట గుమ్మానికి అతికించిన ప్రకటన చదివి మేధావి వర్గం పులకించిపోయింది. పన్నెండేళ్ల రాజుగారి తరఫున రాజ్యభారం మోస్తున్న బాబాయి హేవన్ ప్రభువు కొలువు ఉద్యోగాలకు ప్రత్యేక పరీక్ష పెడుతున్నారు. అంశం: పూర్వం చైనాలో పసివాడైన అన్నకొడుకు తరఫున రాజ్యమేలి, వాడు పెద్దయ్యాక సింహాసనాన్ని రెండు చేతులా అప్పగించిన జౌ ప్రభువు మహిమ. హేవన్ ప్రభువును ఆయనతో పోల్చి పోల్చి కవులు అప్పటికే అలిసిపోయి ఉన్నారు.

ప్యో గ్యూసాన్‌కి ఇది పదో పరీక్ష. పదహారేళ్లుగా భార్య ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి ఆయన్ని చదివిస్తోంది. ఈసారీ తప్పితే పుస్తకాలు పొయ్యిలోకి పోతాయని ఆ ఇల్లాలు వినయంగా మనవి చేసుకుంది. అందుకే గ్యూసాన్ పరీక్ష ఆవరణలో చాప మీద కూర్చుని ప్రాణం పెట్టి రాశాడు. సింహాసనం అప్పగించే ఘట్టం దగ్గర తన వాక్యాలకి తనకే కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం భేరి మోగింది. ఒక అధికారి వచ్చి శుభవార్త చదివాడు. ఒంట్లో బాగోలేనందున రాజుగారు సింహాసనం బాబాయికే ఇచ్చేశారు. ప్రభువు మూడుసార్లు ఏడ్చి వద్దన్నారు. నాలుగోసారి పిల్లవాడి మనసు కష్టపెట్టలేక కూర్చున్నారు.

"పరీక్ష యథావిధిగా సాగుతుంది," అన్నాడు అధికారి.

గ్యూసాన్ కాగితం చివర తను రాసిన అప్పగింత ఘట్టం మళ్లీ చదువుకున్నాడు. పక్క చాప మీద మో డూహాక్ అనే ముసలాయన, పద్దెనిమిది పరీక్షలు చూసిన అనుభవశాలి, తాపీగా సిరా నూరుకుంటున్నాడు.

"పెద్దాయనా, మీ వ్యాసంలో కుర్రాడు పెద్దయ్యాక జౌ ప్రభువు ఏం చేశాడు?"

"పెద్దవడం దేనికయ్యా? నా వ్యాసంలో వాడికింకా ఏడేళ్లే. అక్కడే ఆపేశా."

"నేను పెంచేశానండీ!"

"అంత తొందరేం వచ్చిందయ్యా నీకు?"

గ్యూసాన్ కాగితం చివర జానెడు చింపి నోట్లో కుక్కుకున్నాడు. కాపలా భటుడు వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"ఏంటది?"

"బియ్యప్పిండి కేకు బాబూ. మా ఆవిడ కట్టిచ్చింది."

"నల్లగా ఉందే?"

"నువ్వులు."

మూడోరోజు ఫలితాలొచ్చాయి. మొదటి స్థానం గ్యూసాన్‌ది. చరిత్రని ఎక్కడ ఆపాలో తెలిసిన పండితుడని పరీక్షాధికారులు వేనోళ్ల పొగిడారు. ఇంతటి నమ్మకస్తుణ్ణి వదులుకోకూడదని కొత్త రాజుగారు స్వయంగా పిలిచి ఉద్యోగమిచ్చారు.

ఇంటి దగ్గర భార్య కొలువు అంగీకి బొత్తాలు కుడుతోంది. పదహారేళ్లలో ఆమె సొంత మొగుడికి కుట్టిన మొదటి బట్ట అదే. ఆమె మొహంలో ఇంత వెలుగు గ్యూసాన్ ఎన్నడూ చూడలేదు.

"ఇంతకీ ఏం ఉద్యోగమండీ?"

"పాత రాజుగారిని, ఆ బాబుని, గాలిమార్పుకని దీవికి పంపారు కదా. రాజుగారిచ్చే మందు పట్టుకెళ్లాలి."

"బాబాయంటే అలా ఉండాలి! రోజుకెన్ని పూటలు వెయ్యాలట?"

గ్యూసాన్‌ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"ఒక్క పూట చాలన్నారు."