డిక్కీ లైటు ఆరిందా?

ఉదయం ఆరింటికల్లా గుమాస్తాగారి పథకం సిద్ధమైంది. ఎనిమిదిన్నరకి భార్యను కారెక్కించడం, తొమ్మిదింటికి పరీక్ష కేంద్రం దగ్గర దించడం. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు. విద్యుత్ శాఖలో ఆమె ప్రమోషను పరీక్ష అది, ఇదే ఆఖరి అవకాశం. కిందటేడు సగం దూరం వెళ్లాక, ఇంటికి తాళం వేశానో లేదోనని బండి వెనక్కి తిప్పిన ఘనుడు ఆయనే. వాళ్లు చేరేసరికి గేటు మూసేశారు. భార్య ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు మాటలన్నా బాగుండేదని ఆయన ఏడాదిగా కుమిలిపోతున్నాడు.

అందుకే ఈ వారం ఆయనకి నిద్ర కరువైంది. ఆదివారాలు తప్ప కదలని కారు, కవరు కప్పుకుని ఇంటి ముందు బుద్ధిగా పడి ఉండే కారు, సోమవారం నుంచి రోజూ తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ చేసి పెడుతోంది. కదలకుండా నిలబడ్డ బండిలోంచి కరెంటు ఎటు పోతోందో అంతుపట్టడం లేదు. మెకానిక్ రోజూ వచ్చి ఛార్జింగు పెట్టి, "బ్యాటరీ కొత్తదే సార్, ఎక్కడో లీకవుతోంది" అని తల గోక్కుని వెళ్తున్నాడు.

ఇవాళ తాళం తిప్పగానే కారు స్టార్టయింది. మరొకరైతే సంతోషించేవారు. గుమాస్తాగారికి అనుమానం పట్టుకుంది. మూడు రోజులు మొరాయించింది ఇవాళెందుకు లొంగింది? నడిరోడ్డు మీద నిలబెట్టడానికే! వెంటనే ఇంజను ఆపి మెకానిక్‌కి ఫోను చేశాడు.

"స్టార్టయితే వెళ్లిపోండి సార్!"

"మధ్యలో ఆగిపోతే?"

"డిక్కీ లైటు ఆరట్లేదేమో. మూత వేశాక ఆరిందో లేదో లోపల కూర్చున్నోడికే తెలుస్తుంది" అని మెకానిక్ నవ్వాడు.

గుమాస్తాగారు నవ్వలేదు. చెప్పులు విప్పి డిక్కీలోకి ఎక్కాడు.

మూత వేసే బాధ్యత మామగారిది. నలభై ఏళ్లు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి.

"ఆరిందా అల్లుడూ?"

"ఆరింది మామయ్యగారూ! ఇంక తెరవండి!"

మామగారు అప్పటికే బానెట్ దగ్గరున్నారు. పాడైన గడియారానికి ముందు సెల్లు తీసెయ్యాలన్నది ఆయన వృత్తిధర్మం. బ్యాటరీ తీగ ఊడదీసి, నిశ్చింతగా వెనక్కి వచ్చి డిక్కీ మీట నొక్కారు. అది కరెంటుతో పనిచేసే మీట.

"రావట్లేదల్లుడూ."

"గట్టిగా నొక్కండి!"

"బ్యాటరీ తీసేశాగా, ఎంత నొక్కితే మాత్రం ఏం లాభం?"

"ఎందుకు తీశారండీ!"

"లీకవుతోందన్నారుగా!"

తీగ మళ్లీ పెట్టబోతే చిటుక్కున నిప్పురవ్వ లేచింది. నలభై ఏళ్లలో ఏ గడియారమూ ఆయన్నలా బెదిరించలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఇక ఆ దరిదాపులకి పోలేదు.

అప్పుడే స్కూటరు తీస్తున్న పక్కింటి టీచరమ్మకి దబదబమని చప్పుడు వినిపించింది.

"బాబాయిగారూ, అందులో ఎవరో ఉన్నారండీ!"

"మా అల్లుడమ్మా. నేనే లోపల పెట్టి మూసేశాను."

"ఎందుకు?"

"తనే మూసెయ్యమన్నాడు."

"రక్షించండి! టైమెంతయింది?" అని లోపల్నించి కేక. ఆపదలో ఉన్నవాళ్లు టైము అడుగుతారా అని అనుమానం వచ్చినా, ఎందుకైనా మంచిదని ఆవిడ వీధి వీధినంతా పిలిచింది. ఒకరు గునపం తెచ్చారు. ఇంకొకరు మామా అల్లుళ్లకి ఎన్నాళ్లనుంచో పడటం లేదని తేల్చేశారు. గుమాస్తాగారికి గాలి ఆడకపోవడం గురించి బెంగ లేదు, బెంగంతా గేటు గురించే. ఈసారి కూడా తనవల్లే పోతుందని ఏడుపు ముంచుకొచ్చింది.

"నన్నొదిలేయండి! ముందు మా ఆవిణ్ణి ఆటో ఎక్కించండి!"

ఎనిమిదిన్నరకి భార్య హాల్ టికెట్టు పట్టుకుని బయటికొచ్చింది. గుంపును చూసింది, గునపాన్ని చూసింది, తండ్రిని చూసింది. వెనక తలుపు తెరిచి, సీటు అంచున ఉన్న పట్టీ లాగింది. సీటు ముందుకి వాలింది. ఆ సందులోంచి గుమాస్తాగారి తల బయటికొచ్చింది.

"నాలుగేళ్లుగా నడుపుతున్నా ఈ పట్టీ సంగతి నాకే తెలీదు. నీకెలా తెలుసు?"

"రోజూ కాళ్లు చాపుకోవడానికి వాలుస్తాగా."

"రోజూనా?"

"ఆదివారం నుంచీ సాయంత్రం వాకింగని వెళ్లేది ఇందులోకేనండీ. కవరెత్తి లోపల దూరి, పైకప్పులోని ఆ వెనక లైటు వేసుకుని చదువుకుంటున్నాను. ఇంట్లో పుస్తకం తెరిస్తే చాలు, 'ఎంతవరకు వచ్చింది? భయంగా ఉందా?' అని పది నిమిషాలకోసారి అడుగుతారు మీరు."

గుమాస్తాగారు తలెత్తి, గోరంత ఉన్న ఆ లైటును చూశాడు. కవరు కింద రాత్రంతా వెలిగి, తెల్లారేసరికి బ్యాటరీతోపాటు అదీ ఆరిపోతుంటే ఎవరికి మాత్రం కనిపిస్తుంది?

"మరి వచ్చేటప్పుడు ఆర్పేదానివా?"

భార్య ఒక్క క్షణం ఆలోచించింది. "నిన్న ఆర్పాను."

ఆమె టీచరమ్మ స్కూటరెక్కింది. 'భయంగా ఉందా' అన్న మాట గుమాస్తాగారి నోటిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి దాన్ని మింగేశాడు. స్కూటరు తొమ్మిదింటికే గేటు దగ్గరుంది.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చాయి. ఆమెకి ప్రమోషను ఖాయమైంది. అన్నింటికంటే ఎక్కువ మార్కులు కరెంటు వృథాను అరికట్టే పద్ధతుల పేపర్లో వచ్చాయి.